చెట్ల కింద ఇరవై ఆరు ఇళ్లు

ముప్ఫై ఏళ్లకు పైగా నేను ఇళ్ల పైకప్పులు చూసే ఉద్యోగం చేశాను. తార్నాక దగ్గర యూనివర్సిటీ క్యాంపస్‌లో ఒక పాత రాతి భవనం రెండో అంతస్తు. కిటికీలకు నల్ల కర్టెన్లు వేసిన గది. అక్కడ కూర్చుని ఉపగ్రహం తీసిన చిత్రాల్లో నగరాన్ని చదవడం నా పని. మీలో చాలామంది ఇప్పుడు ఇదే పనిలోకి వస్తున్నారని తెలిసి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. నేను బాగా చేసిన పనులేమిటో రిటైరైన రోజున శాలువా కప్పినవాళ్లు చెప్పేశారు. చెడ్డగా చేసిన పని ఒకటుంది. అది చెప్పవలసింది నేనే.

మాది అనంతపురం వైపు పల్లె. చదువు కోసం వచ్చి ఈ క్యాంపస్‌లోనే ఉద్యోగంలో చేరాను. తొలిరోజుల్లో పెద్ద ఫొటోల మీద ట్రేసింగ్ కాగితం పరిచి భూతద్దంతో చూస్తూ గీసేవాళ్లం. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. సాధనాలు మారాయి గానీ చదివే పద్ధతి పెద్దగా మారలేదు. పైకప్పులు పెద్దవిగా, మధ్యలో ఖాళీలతో, తిన్నని రోడ్ల పక్కన ఉంటే కాలనీ. చిన్నవిగా, ఒకదానికొకటి అతుక్కుని, సందులు కనబడకుండా ఉంటే బస్తీ. పొడుగ్గా రంపపు పళ్లలా ఉంటే లాలాగూడ రైల్వే వర్క్‌షాపుల్లాంటి షెడ్లు. పచ్చగా ఉంటే చెట్లు. పైనుంచి చూస్తే పేదరికానికి కూడా ఒక అల్లిక ఉంటుంది, చిరిగిన చాపలాగా. అది గుర్తుపట్టడంలో నాకు మంచి పేరుండేది. ఆ పేరు నాకు ఇష్టంగానూ ఉండేది.

రిటైర్మెంటుకు ఐదేళ్ల ముందు ఒక ప్రభుత్వ శాఖ మాకు పని అప్పగించింది. నగరం తూర్పు వైపు నాలాల వెంబడి, అంటే మురుగు కాలువల ఒడ్డున, బస్తీలు ఎక్కడెక్కడ ఉన్నాయో మ్యాప్ చేసి ఇవ్వాలి. ఎవరెక్కడున్నారో తెలిస్తే నీళ్లు, కరెంటు, పక్కా ఇళ్లు ఇవ్వడం తేలికవుతుందని చెప్పారు. మేం సంతోషంగా ఒప్పుకున్నాం. మా పని పరిశోధన పత్రాల్లో అచ్చయి బీరువాల్లో ఉండిపోవడమే తప్ప ఒకరికి ఉపయోగపడటం అంతకుముందు పెద్దగా చూడలేదు.

ల్యాబులో ముగ్గురం. మా ప్రొఫెసర్ నెమ్మదైన మనిషి, ఎవరినీ గట్టిగా ఒక మాట అనేవారు కాదు. ఒక అసిస్టెంటు అమ్మాయి ఉండేది. కరీంనగర్ దగ్గర పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకుని మా దగ్గరే ప్రాజెక్టులో చేరింది. స్కూటీ మీద ఎంత దూరమైనా వెళ్లొచ్చేది. మూడోదాన్ని నేను. మాతోపాటు రోజూ ఉదయం ల్యాబు ఊడ్చే ఆయమ్మ ఒకామె వచ్చేది. నల్గొండ వైపు నుంచి పెళ్లయిన కొత్తలో వచ్చినవాళ్లు. క్రైస్తవులు. ఆదివారం చర్చికి పోయిన కబుర్లు సోమవారం ఊడుస్తూ చెప్పేది. ఆమె ఇల్లు లాలాగూడకు పోయే దారిలో, ఒక నాలాకూ రైల్వే గోడకూ మధ్య ఉన్న బస్తీలో అని మాకు తెలుసు. అంతకంటే ఎక్కువ తెలియదు. అడగలేదు.

ఒక ఉదయం ఆమె ఊడుస్తూ వచ్చి నా తెర ముందు ఆగింది. అదేమిటని అడిగింది. నాకు చూపించాలని సరదా పుట్టింది. ముందు మేం కూర్చున్న భవనం చూపించాను. తర్వాత తార్నాక చౌరస్తా, ఫ్లైఓవర్. ఆమె చప్పున అర్థం చేసుకుంది. తను రోజూ నడిచొచ్చే దారిని తెర మీద వేలితో వెనక్కి గీసుకుంటూ పోయింది. గోడ, కల్వర్టు, నాలా. వేలు ఒకచోట ఆగిపోయింది.

"గీడనే ఉండాలె మేడం. గింత పచ్చగున్నదేంది?"

చెట్లు కప్పేశాయి కాబట్టి ఇల్లు కనబడదని చెప్పాను. ఆ చిత్రం వానలు వెలిసిన వెంటనే తీసింది. మబ్బుల్లేకుండా దొరికింది అదొక్కటే. అప్పుడు ఆకులు దట్టంగా ఉంటాయి.

ఆమె నవ్వింది. "చెట్లయితే మస్తున్నయి. కానుగలు, చింతలు. మా వోళ్లు ఒక్క కొమ్మ గూడ కొట్టనియ్యరు. పోనీ తియ్యిండ్రి, దేవునికైతే కనవడతం."

మేమందరం నవ్వాం. అసిస్టెంటు అమ్మాయి ఆమెకు చాయ్ పోసి ఇచ్చింది. నేను తెర మీద పడిన వేలి మరకను గుడ్డతో తుడిచి పనిలో పడ్డాను.

ఇక్కడే ఆగి ఆలోచించండి. ఆ స్థలాన్ని కంప్యూటర్ అప్పటికే 'చెట్లు' అని పచ్చరంగు వేసింది. అక్కడ ఇళ్లున్నాయని ఆ ఇళ్లలో ఉండే మనిషే వచ్చి వేలు పెట్టి చూపించింది. దాన్ని సరిచేయడం ఐదు నిమిషాల పని. నేను చేయలేదు. ఎందుకని తర్వాత వెయ్యిసార్లు నన్ను నేను ప్రశ్నించుకున్నాను. చిత్రంలో ఉన్నదే మ్యాప్‌లోకి రావాలి, విన్నది కాదు అని విద్యార్థులకు పాఠం చెప్పేదాన్ని, అందుకేనా? కాదు. అంత ఆలోచన కూడా నాకు రాలేదు. ల్యాబు ఊడ్చే మనిషి చెప్పింది సమాచారం అని నాకు తట్టనే లేదు. అది చాయ్ వేళ కబురు, అంతే.

మ్యాప్ పూర్తయ్యాక నేల మీద సరిచూసుకోవాలి. కంప్యూటర్ తనకు తోచిన చోట్ల కొన్ని గుర్తులు పెడుతుంది. అక్కడికి మనిషి వెళ్లి, మ్యాప్‌లో చెప్పిందే ఉందో లేదో చూసి ఫారం నింపి సంతకం చేయాలి. ఆ పచ్చటి ముక్కలో రెండు గుర్తులు పడ్డాయి. అసిస్టెంటు అమ్మాయి వెళ్లింది గానీ చేరలేకపోయింది. నాలా పక్క దారి పైపుల కోసం తవ్వేశారు, మోకాలి లోతు మురుగు నిలిచింది. మరో వైపు గోడ. రేపు ఇంకో దారిన పోయి చూస్తానంది. మ్యాప్ అప్పగించడానికి రెండు రోజులే ఉన్నాయి. నేను తెర వైపు చూశాను. చిక్కటి పచ్చదనం. చెట్లు కాక ఇంకేముంటాయి, రాసెయ్ అన్నాను.

"పోకుండ పోయినట్టు రాస్తే మంచిగుంటదా మేడం?" అని అడిగింది. బస్తీలయితే చూడాలి, చెట్లను ఏం చూస్తాం అన్నాను. వెళ్లిన తేదీ అని ఉన్నచోట ఆ రోజు తేదీ వేశాం. నేను సంతకం చేశాను. నా కింద ఆ అమ్మాయి చేసింది.

మ్యాప్ అందంగా వచ్చింది. అధికారులు మెచ్చుకున్నారు. ప్రొఫెసర్ ఒక ప్రతిని ఫ్రేము కట్టించి వరండాలో పెట్టించారు. ఆయమ్మ రోజూ దాని అద్దం తుడిచేది.

ఏడాదిన్నర తర్వాత ఒక రోజు ఆయమ్మ చీపురు పక్కన పెట్టి, చర్చి క్యాలెండరులో జాగ్రత్తగా మడిచి తెచ్చిన కాగితం నా చేతికిచ్చి చదవమంది. నోటీసు. నాలా వెడల్పు చేస్తున్నారు. ఒడ్డున ఉన్న బస్తీలను ఖాళీ చేయించి, జాబితాలో ఉన్నవాళ్లకు ప్రభుత్వ ఇళ్లు ఇస్తారు. ఫలానా ముక్కలో ఉన్న ఇరవై ఆరు ఇళ్లు జాబితాలో లేవు. ఉపగ్రహ చిత్రం తీసిన నాటికి అక్కడ చెట్లు తప్ప నిర్మాణాలేవీ లేవు కాబట్టి అవి తర్వాత వచ్చిన ఆక్రమణలు. పదిహేను రోజుల్లో ఖాళీ చేయాలి. వెనక ఒక మ్యాప్ జతచేశారు. అది మాదే.

నేను చదివి తెలుగులో చెప్పాను. పక్క బస్తీలవాళ్లందరూ జాబితాలో ఉన్నారు. వాళ్లు చెట్లు నరికి రేకులు వేసుకున్నారు. రేకులు ఎండకు మెరుస్తూ చిత్రంలో చక్కగా కనబడ్డాయి. చెట్లను ఉంచుకున్నవాళ్లు మాత్రం లేకుండా పోయారు.

"మా బిడ్డ గాడనే పుట్టింది మేడం. ఇప్పుడు ఇంటర్ చదువుతున్నది. మేం నిన్న మొన్న వచ్చినమని రాసిన్రా?" అంది. తర్వాత మ్యాప్ కాగితాన్ని తిప్పి చూసింది. నేను చెప్పకముందే పోల్చుకుంది. "గిది మీరు జూపిచ్చిన బొమ్మనే గదా?"

అవునన్నాను.

ఆమె ముఖంలో అప్పటిదాకా ఉన్న భయం పోయింది. నేను మరచిపోలేనిది అదే. "ఇంకేంది మేడం. మీరొక్క మాట చెప్తే అయిపోతది" అని చీపురు అందుకుంది.

ఆ మధ్యాహ్నం మొదటిసారి ఆ బస్తీకి వెళ్లాను. తార్నాక చౌరస్తా నుంచి నడిస్తే ఇరవై నిమిషాలు. ముప్ఫై ఏళ్లలో ఇరవై నిమిషాలు నడవలేదు నేను. చింతల కింద, కానుగల కింద పొట్టి గోడలు, తుప్పు రేకులు, ముగ్గులు, సైకిళ్లు, గోడ పక్కన నీళ్ల డ్రమ్ములు. మిట్టమధ్యాహ్నం కూడా చల్లగా ఉంది. ఒక ముసలాయన కుర్చీ తెచ్చి వేశాడు. కరెంటు బిల్లులు, రేషన్ కార్డులు చూపించారు. అన్నింటి మీద పక్క బస్తీ డోర్ నంబర్లే ఉన్నాయి. మీటర్లు అక్కడినుంచే తీసుకున్నారట. అధికారులు అందుకే అవి చెల్లవన్నారట. వాళ్లు అక్కడున్నారని చెప్పగలిగిన కాగితం ఒక్కటే ఉంది, మా మ్యాప్. అది వాళ్లు లేరని చెప్తోంది.

ప్రొఫెసర్‌కు అంతా చెప్పాను, ఫారం సంగతి కూడా. ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. తర్వాత నెమ్మదిగా అన్నారు, "మేడం, మనం వెళ్లకుండా సంతకం పెట్టామని ఒప్పుకుంటే ఈ ఇరవై ఆరు ఇళ్లతో ఆగదు. మొత్తం మ్యాప్ తప్పంటారు. జాబితాలో ఉన్న వందల ఇళ్లు కూడా ఆగిపోతాయి. వాళ్ల సంగతేంటి?"

అది దొంగ వాదన కాదు. ఇప్పటికీ దానికి జవాబు నా దగ్గర లేదు. అందుకే అది మాకు చాలా పనికొచ్చింది. ఇద్దరం కూర్చుని ఒక ఉత్తరం రాశాం. 'కొన్ని చోట్ల చెట్ల కారణంగా చిత్రంలో స్పష్టత లోపించి ఉండవచ్చు. పరిశీలించగలరు.' ఆ 'ఉండవచ్చు' దగ్గర గంటసేపు తర్జనభర్జన పడ్డాం. ఎంత మంచి మాట దొరికిందో అనుకున్నాం.

పది రోజులకు విచారణకు పిలిచారు. పెద్ద హాలు, పొడుగాటి బల్ల. ఒక వైపు ప్రొఫెసర్, నేను, మా వెనక అసిస్టెంటు అమ్మాయి. గోడ పక్కన బెంచీల మీద బస్తీవాళ్లు ఆరుగురు, వాళ్లలో ఆయమ్మ, ఆ రోజు చర్చికి కట్టుకునే చీర కట్టుకుని. లోపలికి వెళ్లేముందు అసిస్టెంటు అమ్మాయి నన్ను మెట్ల దగ్గర ఆపింది. అక్కడికి పోలేదని తనే చెప్పేస్తానంది. నువ్వు మాట్లాడకు, నీకు ముందు చాలా ఉద్యోగముంది, నేను చూసుకుంటా అన్నాను.

విచారణ చేసిన అధికారి చెడ్డవాడు కాడు. అది మీకు చెప్పాలి. ఎదురుగా రాక్షసుడున్నాడనుకుంటే నా కథ నాకు కాస్త తేలికయ్యేది. ఆయన మా ఉత్తరం రెండుసార్లు చదివి పక్కన పెట్టాడు. ఉండవచ్చు అన్న మాట మీద జాబితా మార్చలేనన్నాడు. ఫైల్లోంచి మా ఫారం తీసి నా వైపు తిప్పాడు.

"మేడం, ఒక్కటే అడుగుతున్న. ఈ రెండు పాయింట్ల కాడికి మీరు పోయి చూసిన్రా? పోలేదంటే గదే రాసుకుంట. ఈ బిట్ వరకు పని ఆపి మళ్ల సర్వే పెట్టిస్త."

ప్రొఫెసర్ బల్ల వైపు చూస్తున్నారు. వెనక ఆ అమ్మాయి ఊపిరి నాకు వినిపిస్తోంది. నేను ఆయమ్మ వైపు చూడలేదు. నాకు ఇంకా రెండున్నరేళ్ల సర్వీసు ఉంది. వెళ్లకుండా వెళ్లినట్టు రాయడం అంటే ఏమవుతుందో, విచారణ అంటే ఎన్నేళ్లు సాగుతుందో, పెన్షన్ ఏమవుతుందో నాకు తెలుసు. అదంతా రెండు క్షణాల్లో తలలో తిరిగింది. భయం వేస్తే నాకు మా ఊరి మాట వచ్చేస్తుంది.

"చూసినాము సార్" అన్నాను.

ఆయన ఇంకొక్క క్షణం ఆగాడు, నేను మాట మార్చుకుంటానేమో అన్నట్టు. తర్వాత రాసుకున్నాడు.

బయటికి వచ్చేటప్పుడు బెంచీ దగ్గర ఆగవలసి వచ్చింది, ద్వారం అటే కాబట్టి. ఒక ముసలాయన కోపంగా ఏదో అంటుంటే ఆయమ్మ అతనికి సర్ది చెప్తోంది. "మేడం అబద్ధం చెప్పదు. మనం పనులకు పోయినప్పుడు వచ్చి చూసి ఉంటది. చెట్లే కనవడ్డయేమో."

నేను మెట్లు దిగాను.

ఆ నెలలోనే అసిస్టెంటు అమ్మాయి ఉద్యోగం మానేసింది. వెళ్లే రోజు తాళం చెవులు నా బల్ల మీద పెట్టి, "మీరు నన్ను కాపాడలే మేడం. నన్ను గూడ మీల కలుపుకున్నరు" అంది. ఆమెను కాపాడటానికే అబద్ధమాడానని నాకు నేను చెప్పుకుంటూ ఉండేదాన్ని. ఆ రోజుతో ఆ సాకు కూడా పోయింది.

ఇళ్లు కూల్చిన రోజు నేను వెళ్లలేదు. ఆయమ్మ మూడు రోజులు రాలేదు. నాలుగో రోజు వచ్చి ఎప్పటిలాగే ఊడ్చింది. రామంతాపూర్‌లో చెల్లెలి దగ్గర ఉంటున్నామని చెప్పింది. ఇళ్లకు గంటన్నరే పట్టిందట. చెట్లకే రెండు రోజులు పట్టిందట. అంతే చెప్పింది.

ఆ వారం నేను నిజం రాశాను. వెళ్లలేదని, తప్పుడు తేదీ వేశామని, ఆ తప్పు నాదేనని, విచారణలో అబద్ధం చెప్పానని, దాపరికం లేకుండా. ప్రొఫెసర్ వారించలేదు. రిజిస్టర్డు పోస్టులో వేశాను. సస్పెండ్ చేస్తారనుకున్నాను. చేయాలని కోరుకున్నాను కూడా. రెండు నెలలకు మూడు వాక్యాల జవాబు వచ్చింది. ప్రస్తుతం ఆ స్థలంలో ఇళ్లేవీ లేనందున పునఃపరిశీలన అవసరం లేదని, ఫైలు మూసివేయడమైనదని. నా సంతకం గురించి ఒక్క ముక్క లేదు. శిక్షకు భయపడి అబద్ధమాడాను. నిజం చెప్పాక నన్ను శిక్షించే తీరిక ఎవరికీ లేకపోయింది. పెన్షన్ మొత్తం వచ్చింది. శాలువా కూడా వచ్చింది.

ఆయమ్మ ఇంకో నాలుగు నెలలు వచ్చింది. తర్వాత ఇల్లు మారి దూరమైందట, ఆలస్యంగా వస్తోందని, ఊడ్చేవాళ్లను పంపే ఏజెన్సీవాళ్లు వేరే ఆమెను పెట్టారు. ఆమె వెళ్లిపోయిన సంగతి నాకు వారానికి గానీ తెలియలేదు.

రిటైరైన ఏడాదికి ఆమెను వెతుక్కుంటూ వెళ్లాను. వాళ్ల చర్చిలో అడిగితే మల్కాజ్‌గిరి స్టేషను అవతల ఒక ఒంటిగది ఇల్లు చెప్పారు. గుమ్మం ముందు కూర్చుని తోటకూర తెంపుతోంది. నన్ను చూసి లేవబోయింది. నేను వారించి పక్కనే కూర్చున్నాను. ఎంత ఎండగా ఉందో, బస్సులెలా ఉన్నాయో అడిగింది. నేను ఆగలేదు. అంతా చెప్పేశాను. తెర మీద ఆమె వేలు పెట్టిన రోజు నుంచి, ఫారం, ఉత్తరం, హాలులో అబద్ధం వరకు. క్షమించమని మాత్రం అడగలేదు. అడిగే మాట కాదది.

ఆమె తోటకూర తెంపుతూనే విన్నది. ఏడవలేదు, తిట్టలేదు. తర్వాత అడిగింది.

"గా రోజు నిజం చెప్పి ఉంటే మా ఇండ్లు ఉంటుండెనా మేడం?"

ఎన్నాళ్లుండేవో తెలియదన్నాను. మళ్లీ సర్వే చేసేవాళ్లు. జాబితాలో చేర్చేవాళ్లేమో, చేర్చకపోయేవాళ్లేమో. నాలా పని ఆగదు కదా, ఎప్పటికైనా అక్కడినుంచి లేపేవాళ్లే. తెలియదు.

ఆమె తలూపింది. ఇంకొన్ని ఆకులు తెంపింది.

"మూడు వారాలు ఆగుతుండెనా?"

ఎందుకని అడిగాను.

"మా బిడ్డకు ఇంటర్ పరీక్షలుండె. పుస్తకాలన్నీ గా మట్టిలనే పోయినయి. రాయనని కూసున్నది. మళ్ల రాయనే లేదు. ఇప్పుడు బట్టల షాపుల నిలవడి పని చేస్తున్నది."

మళ్లీ సర్వే అంటే నోటీసు ఇవ్వాలి, మనుషులు రావాలి, రిపోర్టు పోవాలి. ముప్ఫై ఏళ్లలో ఏ సర్వే కూడా రెండు నెలల్లోపు పూర్తవడం నేను చూడలేదు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు కచ్చితంగా తెలిసింది ఆ ఒక్కటే.

"ఆగేవి" అన్నాను.

ఆమె తెంపిన ఆకులన్నీ పళ్లెంలోకి ఎత్తుకుని లోపలికి వెళ్లింది. మళ్లీ బయటికి రాలేదు. నేను కాసేపు ఆ గుమ్మం ముందే కూర్చుని, లేచి స్టేషను వైపు నడిచాను.